తిప్ప మీద దొరికిన పేరు

కూర్చోండి అని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి కూర్చున్నాడు గానీ, ఖలందర్‌కి కూర్చోవడం చేతకావడం లేదు. లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు, కూర్చుంటే కాళ్లు వాటంతటవే ఆడుతున్నాయి. ఎదురుగా అద్దాల తలుపు. పసిపిల్లల ఐసీయూ అని దాని మీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాసుంది, తల్లికి తప్ప ఎవరికీ ప్రవేశం లేదని కింద ఇంకో ముక్క. తలుపు అవతల ఆసిఫా ఉంది. ఆసిఫా ముందు గాజుపెట్టె, పెట్టెలో కొడుకు. నెలలు నిండేదాకా ఆగకుండా ఏం కొంప మునిగిందని వచ్చాడో, వచ్చాడు ఈ రియాద్ ఎండల్లోకి, జానెడు మనిషి, నోట్లో గొట్టంతో. ఆ గొట్టాన్ని ఇవాళ సాయంత్రపు అసర్ నమాజు కాగానే తీసి చూస్తామన్నారు. తనంతట తాను ఊపిరి తీసుకున్నాడా, సరే. తీసుకోలేదా, అని అక్కడికి వచ్చేసరికి డాక్టరమ్మ మాట ఆపేసి మెళ్లో స్టెతస్కోపు సర్దుకుంది. సర్దుకోవడానికి అందులో ఏమీ లేదు. అది ఖలందర్ చూశాడు, ఆసిఫా కూడా చూసింది.

డాక్టర్ చరితది విజయవాడ. ఈ మలాజ్ ఆస్పత్రిలో తెలుగులో చెప్పే డాక్టరు దొరకడమే గొప్ప అనుకున్నారు మొగుడూ పెళ్లాలు మొదట్లో. తెలుగులో చెబితే భయం కూడా తెలుగులోనే అర్థమవుతుందని తరవాత తెలిసింది. "గొట్టం తీశాక కొంతమంది పిల్లలు మధ్యలో ఊపిరి తీసుకోవడం మర్చిపోతారండీ. అప్పుడు అమ్మ గొంతు వినపడుతూ ఉండాలి. ఆసిఫా గారూ, మీరు పక్కనే నిలబడి పేరు పెట్టి పిలుస్తూ ఉండండి, ఆపకూడదు. ఇంతకీ బాబు పేరేంటి?" అంది. ఇద్దరూ నేలచూపులు చూశారు. "ఇంకా పెట్టలేదు డాక్టర్," అన్నాడు ఖలందర్. "పోనీ ముద్దుపేరు? ఏదో ఒకటి పిలుస్తారుగా? మా అమ్మ నన్ను ఇప్పటికీ బుజ్జీ అనే అంటుంది, నేను పలుకుతాను కూడా," అని ఆవిడ నవ్వించబోయింది. ఆసిఫా నవ్వలేదు. చున్నీ తలమీదికి లాక్కుని, చేతులకు మందునీళ్లు రాసుకుని, తలుపు తోసుకుని వెళ్లిపోయింది. అది మొదలు ఖలందర్ బుర్రలో ఒకటే గోల. లోపల ఆసిఫా ఏమని పిలుస్తోంది? నోట్లో పేరు లేకుండా లోపలికి పోయిన మనిషి, పెట్టె పక్కన నిలబడి, ఏమని పిలుస్తుంది?

పేరు పెట్టనిది బద్ధకం వల్ల కాదు. మంత్రసానితనం చేసిన మలయాళీ నర్సు దగ్గర నుంచి ఇకామా, అంటే నివాస పర్మిట్టు పనులు చూసే కంపెనీ గుమాస్తా దాకా అందరూ అడుగుతూనే ఉన్నారు, పేరేంటి పేరేంటి అని. పిల్లవాడి కాలికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ మీద 'ఆసిఫా బిడ్డ' అని మాత్రం ఉంది. మొదటిరోజు తలుపు దాటి అరనిమిషం పంపించినప్పుడు ఖలందర్ ఆ గుండ్రటి కన్నంలోంచి తల వంచి, వేలెడు చెవిలో అజాన్ చెప్పాడు. చెప్పాక పేరు చెప్పాలి, అది పద్ధతి. గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. పేరంటూ పెడితే ఎవరో వింటారని భయం. ఎవరో అంటే ఎవరు? నర్సు కాదు, డాక్టరు కాదు. ఊళ్లో అమ్మ ఆ 'ఎవరో' మాట అనేటప్పుడు కళ్లు పైకెత్తి గుమ్మం కేసి చూసేది, గుమ్మం బయట నిజంగా ఎవరో చెవొగ్గి నిలబడినట్టు.

టంగుమని లిఫ్టు ఆగింది. రెండో లిఫ్టు తలుపు మూసుకునేటప్పుడు చివర్లో చిన్నగా ఈడుస్తోంది, కింద గాడిలో దుమ్ము పట్టింది, ఎవడూ చూడలేదు కాబోలు. ఏళ్లతరబడి లిఫ్టులు బాగుచేసిన చెవులాయె, కొడుకు ప్రాణం మీదికొచ్చినా ఊరుకోవు. లిఫ్టులోంచి నల్ల అబాయా వేసుకున్న సౌదీ ముసలామె దిగింది, చేతిలో గావా, అరబ్బు కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా. మనవరాలు లోపల ఉందట. ఉన్న కుర్చీలన్నీ వదిలిపెట్టి ఒక్క కుర్చీ ఎడంలో కూర్చుని, అడక్కుండానే చిన్న గిన్నెలో గావా పోసి ఇచ్చింది. నోరు చేదుగా ఉండి తాగాడు. "నేను ఉమ్ ఫహద్," అంది అరబ్బీలో, ఫహద్ వాళ్లమ్మని అని. "మరి నువ్వు? అబూ మీన్?" ఎవరి నాయనవి అని. ఈ దేశంలో మర్యాద అది. పిల్లవాడు పుట్టాక తండ్రికి తన పేరు ఉండదు, కొడుకు పేరే వాడి పేరు. అబూ ఫలానా. ఖలందర్ గిన్నెలోకి చూస్తూ "ఇంకా లేదమ్మా," అన్నాడు. ఏది లేదో, పేరు లేదో కొడుకే లేడో, ఆమెకు ఎలా అర్థమైందో గానీ "అల్లా కరీం" అని ఊరుకుంది, ఇంకో ఖర్జూరం చేతిలో పెట్టింది.

పేర్లకేం కొదవ, ఈ ఊళ్లో ఖలందర్‌కి బోలెడు పేర్లు. పాస్‌పోర్టులో అనంతపురం సాయిబులందరికీ తగిలించినట్టే ముందు షేక్ తగిలించారు, దాంతో కంపెనీ దృష్టిలో అతని పేరే షేక్ అయి కూర్చుంది. షేక్ అంటే ఇక్కడ ఎంత పెద్దమనిషి! లిఫ్టు బాగుచెయ్యడానికి షేక్ వస్తున్నాడని ఆఫీసమ్మాయి ఫోన్‌లో చెబితే, ఒక బిల్డింగు యజమాని జరీ అంచుల పైఅంగీ, బిష్తు, కప్పుకుని స్వయంగా కిందికొచ్చి నిలబడ్డాడు ఒకసారి. గ్రీజు చేతులతో, టూల్ బాక్సుతో దిగిన షేక్‌ని చూసి పొట్ట పట్టుకుని నవ్వి, కూర్చోబెట్టి చాయ్ తాగించాడు పాపం. గదిలోని హైదరాబాదు వాళ్లకు ఖల్లూ భాయ్. బంగ్లాదేశ్ హెల్పర్లకు ఉస్తాద్. సూడాన్ డ్రైవరుకు అబూ మొహమ్మద్. పిల్లలు లేనివాణ్ణి కూడా అబూ మొహమ్మద్ అని పిలుస్తారు ఇక్కడ, నలుగురిలో లోటు తెలియకుండా ఉండాలని. వాళ్ల మంచితనం వాళ్లది. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఖలందర్‌కి మాత్రం చెప్పులో రాయి పడినట్టుండేది. అందరికీ పలికాడు. జీతమిచ్చే నోటికి పలకాలి, అన్నం వండిన నోటికి పలకాలి. కానీ ఆ పేర్లలో ఏదీ నిద్రలో ఉన్నవాణ్ణి లేపే పేరు కాదు. నిద్రలో లేపే పేరు ఒక్కటే ఉండేది, ఆ పేరుతో పిలిచే నోరు మూతబడి రెండేళ్లవుతోంది.

తిప్పడు. అమ్మ పిలిచేటప్పుడు తిప్పా. మంచి కోపంలో ఉంటే ఒరే తిప్పిగా. ఉరవకొండ అవతల ఆ ఎర్రనేలల్లో తిప్ప అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు, ఇంటి వెనకాల పేడా ఊడ్పుచెత్తా పోసే దిబ్బ. రోషన్ బీ అప్పటికి ముగ్గుర్ని మట్టికిచ్చింది. నాలుగోవాడు ఖలందర్. పుట్టగానే ఎదురింటి లచ్చుమక్క వాణ్ణి పాతగుడ్డలో చుట్టి, తీసుకుపోయి తిప్ప మీద పడుకోబెట్టింది. పడుకోబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా నాలుగడుగులు వేసి, మళ్లీ వచ్చి, అప్పుడే కంటపడ్డట్టు "అయ్యో, ఎవరో పారేసిపోయిన బిడ్డప్పా ఇది, ఏమ్మే రోషన్ బీ, నీకేమన్నా కావల్నా?" అని గట్టిగా అరిచింది, అందరూ వినాలని. అందరికంటే ముందు ఆ గుమ్మం బయటివాడు వినాలని. పచ్చి బాలింత గోడ పట్టుకుని బయటికొచ్చి, "నాకేల మే ఆ తిప్ప మీది బిడ్డ? సరేలే, ఇంత తవుడు తీస్కోని ఇచ్చిపో," అని చేటెడు తవుడు పోసి కొడుకుని కొనుక్కుంది. కన్నబిడ్డ కాదు, కొన్నబిడ్డ. అదీ తిప్ప మీద దొరికిన వాడు. అలాంటివాణ్ణి ఎవరు కోరుకుంటారు, ఎవరు ఎత్తుకుపోతారు! పైకి చెప్పడానికి మాత్రం పెనుకొండ బాబయ్య దర్గాకు మొక్కుకుని ఖలందర్ అని పెట్టింది. అదీ ఫకీరు పేరే. ముక్కుకు కుడిపక్క కుట్టించింది. ఇన్ని చేసి బతికించుకుంది. ఊరంతా ఆమెను ఖలందర్ వాళ్లమ్మ అనలేదు ఏనాడూ, తిప్పడమ్మ అనేది. కరెంటు బిల్లు కట్టించుకునేవాడు కూడా తిప్పడమ్మ ఇల్లేది అని అడిగి వచ్చేవాడు. ఈ ముసలామె ఉమ్ ఫహద్ అయినట్టే.

చిన్నప్పుడు ఆ పేరంటే ఎంత మంటగా ఉండేదో. బళ్లో పిల్లలు వాడు రాగానే ముక్కు మూసుకునేవాళ్లు. ఒకసారి ఏడుస్తూ వచ్చి, నన్ను ఆ పేరుతో పిలవద్దు, పిలిస్తే పలకను అని శనగకాయల బస్తా వెనక దాక్కున్నాడు. పొద్దు గూకింది. రోషన్ బీ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు, వెతకలేదు, బతిమాలలేదు. "తిప్పా, ఒరే తిప్పా, యాడుండావురా, కూడు సల్లారిపోతాంది రా నాయనా" అని ఒక్కసారి పిలిచింది. 'తిప్పా' కొంచెం కిందికి దింపి, 'ఒరే తిప్పా' పైకి లేపి, చివర 'నాయనా' దగ్గర సాగదీసి. అంతే, బస్తా వెనక నుంచి "వస్తుండా మా" అని తనకు తెలియకుండానే నోరు పలికేసింది. తరవాత అనంతపురంలో డిప్లొమా చదివేటప్పుడు హాస్టల్లో ఎవరికీ ఆ పేరు చెప్పలేదు, వింటే పరువు పోతుందని. కానీ శనివారం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఆ పేరు పొయ్యి పక్కన మూతపెట్టిన సంగటిలా వెచ్చగా ఉండేది. ఎప్పుడు మంట పోయిందో, ఎప్పుడు ఆ పిలుపు లేకపోతే వారం గడవనట్టు అయిందో, గుర్తు చేసుకుందామన్నా గుర్తు రాదు.

ఆసిఫాది కర్నూలు. పుట్టింట్లో అంతా ఉర్దూనే, తెలుగు బళ్లో నేర్చుకుంది, బీఎడ్ చదివింది. ఆ ఇంట్లో పేర్లు ఎలా ఉంటాయనుకున్నారు, ఒక్కొక్క పేరూ అత్తరు రాసినట్టుంటుంది. చెల్లెలి పేరు ఖుష్బూ. పెళ్లయిన వారంలో, అక్కతో వచ్చిన ఆ ఖుష్బూ ముందే రోషన్ బీ గుమ్మంలోంచి "తిప్పా, నీళ్లు తోడురా" అని కేకేసింది. ఖుష్బూ అర్థం అడిగింది. ఎవరో చెప్పారు. ఆ పిల్ల పడీ పడీ నవ్వి, తిప్పయ్య దుల్హన్ అని అక్కకి పేరు పెట్టేసింది. రాత్రి ఆసిఫా గోడవైపు తిరిగి పడుకుని, "మనిషిని పట్టుకుని పెంటా అంటారా ఎవరైనా? మీకెట్లా ఉంటుందో గానీ నాకు తల కొట్టేసినట్టుంది," అంది. తప్పేముంది, ఆమెకు ఎవరూ తిప్ప సంగతీ తవుడు సంగతీ చెప్పలేదు కదా. మట్టిగోడలు, మాట ఆ గదిలోంచి అమ్మ గదిలోకి పోయే ఉంటుంది. పొద్దున్నే రోషన్ బీ కొడుకుని చూసి, "ఖలందర్, నాయనా, లెయ్," అంది. అంతే. ఆ రోజు నుంచి ఇంక ఒక్కసారీ అనలేదు. అడిగితే, "పెండ్లాం వచ్చింది, నిన్ను సూసుకునే మనిసి వచ్చింది, ఇంగ ఆ దిష్టిపేరుతో పనేముంది లేప్పా," అని చేటలో బియ్యం చెరుగుతూ ఉండిపోయింది. ఫోన్‌లో కూడా ఖలందర్ అనేది, బ్యాంకు వాళ్లు పిలిచినట్టు. వద్దమ్మా, పాత పేరే పిలువు అని అడుగుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. మీసాలొచ్చిన మనిషి, నన్ను పెంటదిబ్బా అని పిలవవే అని ఎలా అడుక్కుంటాడు?

లోపల ఏదో యంత్రం కూత పెట్టింది. ఖలందర్ సగం లేచాడు. కూత ఆగిపోయింది. మళ్లీ కూర్చున్నాడు. ముసలామె పెదవులు కదులుతున్నాయి, తస్బీ పూసలు వేళ్ల మధ్య జారుతున్నాయి. గొట్టం తీశారా? ఇంకా తియ్యలేదా? ఎవడూ బయటికొచ్చి చెప్పడేం!

మొదటివాడు షాబాజ్‌కి గొట్టం పెట్టే వ్యవధి కూడా దొరకలేదు. నాలుగేళ్లు దాటింది. అప్పుడు ఆసిఫా కర్నూల్లో, తాను ఇక్కడ. మగబిడ్డ అనగానే మామగారు ఉబ్బితబ్బిబ్బయి, షాబాజ్ అని పేరు పెట్టి, డేగ బొమ్మ మీద బంగారు అక్షరాలతో రాయించి అందరి వాట్సాప్‌లకూ పంపేశాడు. షాబాజ్, రాజుల చేతి మీది డేగ. ఖలందర్ ఆ బొమ్మ చూసి మురిసి, క్యాంపులో అందరికీ బక్లావా పంచాడు. ముబారక్, ముబారక్ అని ఫోను మోగుతూనే ఉంది. ఆ ముబారక్‌ల మధ్యలోనే మామగారి ఫోను వచ్చింది, బిడ్డ పోయాడని. తరవాత కూడా ముబారక్‌లు ఆగలేదు, తెలియనివాళ్లు పంపిస్తూనే ఉన్నారు, మీ షేర్ జిందాబాద్ అని, మీ షాబాజ్‌కి వెయ్యేళ్లు అని. ఒక్కొక్కదానికీ ఏమని జవాబు రాస్తాడు? ఫోన్ ఆఫ్ చేసి లిఫ్టు మిషన్ గదిలో కూర్చున్నాడు. ఊళ్లో రోషన్ బీ ఏడవలేదట, ఇంటి వెనక్కి పోయి ఊరికే నిలబడిందట. ఎవరినీ ఏమీ అనలేదు. ఒక్క మాట మాత్రం అంది, అదీ ఖలందర్‌తో, ఫోన్‌లో, చాలా రోజులకు. "అంత సన్న పాణానికి అంత పెద్ద పేరు ఎట్ల మోస్తాదనుకున్యార్రా?" ఆ మాట ఆసిఫాకి చెప్పలేదు ఖలందర్. చెబితే చచ్చిపోతుందని.

అందుకే ఈసారి ఇద్దరూ నోరు విప్పలేదు. ఏం ఒప్పందం లేదు, మాట్లాడుకున్నదీ లేదు. కడుపుతో ఉన్నన్నాళ్లూ ఆసిఫా పేర్ల మాటే ఎత్తలేదు, ఖుష్బూ ఫోన్‌లో ఏవేవో పేర్లు చదివితే కట్ చేసేసింది. గదిలో ఒకప్పుడు కలిసున్న హబీబ్ భాయ్ నిన్న చూడటానికి వచ్చి, ఖలందర్ తడబడుతూ ఆ తిప్ప సంగతి చెబితే, "అరే భాయ్, మంచి పేరు పెట్టుడు బిడ్డ హక్కు. గీ తిప్పలు గిప్పలు అంత జాహిలియత్, అజ్ఞానుల ముచ్చట, తోబా తోబా," అని చెవులు పట్టుకున్నాడు. నిజమే కావచ్చు. ఆయుష్షు అల్లా చేతిలో ఉంది గానీ తిప్ప చేతిలో ఎందుకుంటుంది? ఖలందర్‌కి అది తెలియదా? తెలుసు. ఐదు పూటలా నమాజు చదివే నోటితోనే ఒప్పుకుంటాడు. కానీ అమ్మ పిచ్చిదా? ముగ్గుర్ని పోగొట్టుకున్న మనిషి, నాలుగోవాణ్ణి పట్టుకోవడానికి చేతికి ఏది దొరికితే దానితో పట్టుకుంది. తిప్ప దొరికింది, తిప్పతో పట్టుకుంది. ఆ పేరులో మంత్రం ఉందో లేదో గానీ, వీడు నాకు కావాలి అనే మాట మాత్రం ఉంది. ఇన్ని పేర్ల దేశంలో ఆ మాట ఉన్న పేరు ఇంకోటి ఏది?

రోషన్ బీ చివరి రోజుల్లో పక్కనున్నది ఆసిఫానే. దేశం దాటి పోయి రావడానికిచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం చేతికొచ్చి, విమానం దిగి, ఊరు చేరేసరికి అమ్మను మట్టికి తీసుకెళ్లిపోయారు. జ్వరంలో పదిరోజులు అత్తకు తడిగుడ్డ వేసింది, గంజి తాగించింది, ఒళ్లు తుడిచింది ఆసిఫా. "నన్నడిగిందా?" అన్నాడు ఖలందర్. "అడిగింది," అంది ఆసిఫా, ఇంకేమీ చెప్పకుండా మొహం అటు తిప్పుకుంది. ఏమని అడిగిందని ఇతనూ అడగలేదు. రియాద్‌కి తిరిగొచ్చిన వారానికి ఒక కొత్త టవరులో పని పడింది. లిఫ్టు ఇంకా పెట్టలేదు, కింద గుంతలో దిగి పైకి చూస్తే నిలువునా చీకటి, ఆఖరి అంతస్తులో చారెడు ఆకాశం. హెల్పరు పైన ఎక్కడో ఉన్నాడు. ఖలందర్ గుంతలో నిలబడి, ఎందుకు అనిపించిందో, తలెత్తి "తిప్పా!" అని అరిచాడు. తనను తానే. గోడలు ఆ పేరుని పట్టుకుని పైకి తీసుకెళ్లి, తిరిగి కిందికి తెచ్చి అతని మీదే పడేశాయి. పలకాలని నోరు తెరిచాడు గానీ పలుకు రాలేదు. తన గొంతుకి తాను ఎలా పలుకుతాడు? "క్యా హువా ఉస్తాద్?" అని పైనుంచి హెల్పరు కేక. ఏం లేదన్నాడు. ఏం లేదని చెప్పి, గుంతలో గోడకి నుదురు ఆనించి చాలాసేపు ఏడ్చాడు.

ఇప్పుడు లేచి వెళ్లి తలుపు కొడితే? ఆసిఫాని పిలిచి, ఆ పేరుతో పిలువు అని చెబితే? ఏమంటుంది? గొట్టం తీస్తున్న బిడ్డ పక్కన నిలబడ్డ తల్లితో, నీ బిడ్డని దిబ్బ అని పిలువు అంటాడా, ఆ పేరు వల్ల ఒక రాత్రంతా గోడవైపు తిరిగి పడుకున్న మనిషితో? వద్దు. ఆమెకు తోచింది ఆమె పిలుచుకోనీ. బేటా అంటుందేమో. నాన్నా, బంగారం, ఏదైనా అనీ. ఏదన్నా సరే వీడికి చెవిన పడితే చాలు. నాకేమీ వద్దు, ఆ పేరు వద్దు, అమ్మ గుర్తూ వద్దు, వాడు ఊపిరి తీస్తే చాలు రబ్బీ, నా దేవుడా, అని అనుకుంటున్నాడు గానీ, లోపల లోపల ఇంకో నాలుక అదే జపిస్తోంది, తిప్పా, తిప్పా, తిప్పా, తల వంచుకుని, చెప్పుల వైపు చూస్తూ.

మలయాళీ నర్సు ఎటునుంచో పరుగున వచ్చి అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోయింది. ఆమె పరిగెత్తడం అతను ఎప్పుడూ చూడలేదు. తలుపు వెనక్కి రాబోయి ఏదో ట్రాలీకి తగిలి సగంలో ఆగిపోయింది. ఆ సందులోంచి యంత్రం కూత మళ్లీ, ఈసారి ఆగకుండా. డాక్టర్ చరిత గొంతు, "పిలవండి, పిలవండమ్మా, ఆపకండి!" తరవాత ఒక్క క్షణం ఏమీ లేదు. ముసలామె చేతిలో పూసలు ఆగిపోయాయి.

"తిప్పా..."

కొంచెం కిందికి దింపి. వెంటనే పైకి లేపి, "ఒరే తిప్పా, యాడుండావురా..." చివర్లో సాగదీసి, "రా నాయనా..." కర్నూలు ఉర్దూ గొంతులో కాదు, బీఎడ్ తెలుగులో కాదు. ఉరవకొండ అవతల పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఎలా పిలుస్తుందో అచ్చం అలా, పది రోజులు అత్త జ్వరం పక్కన కూర్చుని ఆ కలవరింత విన్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ రాని రాగంలో.

"వస్తుండా మా!"

ఖలందర్ లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో తెలియదు. అరిచింది తనేనని, కారిడార్లో అందరూ తిరిగి చూశాకగానీ తెలియలేదు. చేతిలో గావా గిన్నె లేదు, కిందపడి దొర్లుతోంది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. తలుపు సందులోంచి కూత ఆగిపోయి, దాని చోట ఇంకో సన్నటి చప్పుడు మొదలైంది, పిల్లికూన మూలిగినట్టు, కోపంగా, తెగుతూ, మళ్లీ అందుకుంటూ. అది ఏమిటో తెలుసుకోవడానికి ఖలందర్‌కి డాక్టరు అవసరం లేకపోయింది. ఏడుపు. గొట్టం లేని నోటి ఏడుపు. "అల్హందులిల్లా" అని ముసలామె పెద్దగా అంటూ అతని చొక్కా పట్టుకుని కుదిపింది. డాక్టర్ చరిత తలుపు దగ్గరికొచ్చి మాస్కు కిందికి లాగి, "తీసుకుంటున్నాడండీ, తనే తీసుకుంటున్నాడు. ఇంకా చూడాలి, ఈ రాత్రంతా కనిపెట్టి ఉండాలి, కానీ తీసుకుంటున్నాడు," అంది. ఆవిడ కళ్లు కూడా తడిగా ఉన్నాయి.

ఆమె భుజం వెనక నుంచి ఆసిఫా కనపడింది. చున్నీ జారిపోయింది, జుట్టు మొహాన పడింది, ఒక చెయ్యి ఇంకా వెనక్కి, గాజుపెట్టె వైపే చాచి ఉంది. మొగుణ్ణి నిలబడి ఉండగా చూసి, అతని కేక తన చెవిన పడిందని అర్థమయ్యేలా, ఏడుపూ నవ్వూ కలిసిపోయిన మొహంతో, "మీరెందుకు పలికినారు? మిమ్మల్ని కాదు... వీణ్ణి," అంది.

తెలుసు. తనను కాదు. ఇంకెప్పుడూ తనను కాదు. ఇన్నేళ్లు దాచుకున్నది ఒక్క పిలుపులో చెయ్యి మారిపోయింది, మారవలసిన చేతికే మారింది, అయినా గుండెలో ఆ చోటు ఖాళీగా అలాగే ఉంది. "తెలుసు," అన్నాడు ఖలందర్. "ఇంకోసారి పిలువు, ఆసిఫా. ఒక్కసారి," అన్నాడు.

ఆసిఫా పెట్టె వైపు తిరిగి, వంగి, అదే రాగంలో పిలిచింది. ఈసారి ఖలందర్ పలకలేదు.